అల్లుడుగారి కుక్క

కుక్కలు రెండు రకాలు. కరిచేవి, నాకేవి. కరిచే కుక్కతో నాకు పేచీ లేదు. అది మొరుగుతుంది, మనం పరిగెడతాం, అందితే కరుస్తుంది, బొడ్డు చుట్టూ ఇంజెక్షన్లు పడతాయి, వ్యవహారం అక్కడితో సరి. నాకే కుక్కతో వ్యవహారం ఎప్పటికీ తేలదు. పొద్దున మంచం దిగితే నాలుక, ఆఫీసు నుంచి వస్తే నాలుక, అన్నానికి కూర్చుంటే మోకాలి కింద నాలుక. మా ఇంట్లో ఈ రెండో రకం ఉండేది.

తొంభైల చివర్లో బెజవాడకి తెల్ల బొచ్చుకుక్కల జబ్బు పట్టుకుంది. కాలనీకి ఒకటితో మొదలై గుమ్మానికి ఒకటి దాకా వచ్చింది. రోహిణీకార్తెలో మనుషులే చర్మం విప్పి దండెం మీద ఆరేసుకుందామా అని ఆలోచించే ఊరు మాది. అలాంటి ఊరికి మంచు దేశపు కుక్కని, దాని రగ్గుతో సహా తెచ్చి పెట్టారు. మా ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచరు. ఒకరోజు సాయంత్రం హ్యాండ్‌బ్యాగ్ జిప్పు తీసింది. లోపల్నుంచి పౌడరు పూసుకునే కుంచెకి రెండు కళ్ళు అతికించినట్టున్నది బయటికొచ్చి, నన్ను చూసి, ఆనందం పట్టలేక నా ఆఫీసు చెప్పులో పోసింది. దానికి పెట్టిన పేరు ఇక్కడ రాయను. ఆ ముద్దుపేరున్న పెద్దమనుషులు మా వీధిలోనే ముగ్గురున్నారు.

దానికి శత్రువు అనేవాడు లేడు. గ్యాస్ బండ తెచ్చేవాడు, కరెంటు మీటరు చూసేవాడు, చందాల వాళ్ళు, అందరూ చుట్టాలే. ఒకసారి పట్టపగలు మా పెరట్లో ఇత్తడి బిందె ఎత్తుకుపోతున్న వాణ్ణి తోక ఊపుకుంటూ గేటు దాకా సాగనంపి వచ్చింది. దాని వాసన సంగతికొస్తే, తడి గోనెసంచిలో నాలుగు రోజుల పెరుగు మూటగట్టి మంచం కింద మర్చిపోయినట్టుండేది. నాలుక గులాబీ రంగు. ఈ లోకంలో ఆ నాలుక వెళ్ళి చూడని చోటు లేదు, అక్కడి నుంచి సరాసరి వచ్చేది నా చేతి మీదికే. అందుకే అది మా ఇంటికొచ్చిన రెండేళ్ళలో నేను దాన్ని ఒక్కసారి కూడా చేత్తో ముట్టుకోలేదు. జరపాల్సి వస్తే పేపరు మడిచి జరిపేవాణ్ణి. పేపరు లేకపోతే నేనే జరిగేవాణ్ణి.

ఇంట్లో ఎలాగో సర్దుకునేవాణ్ణి. ఆదివారాలే నా ప్రాణం తీశాయి. మా ఆవిడ లెక్కలో వారంలో ఆరు రోజులు మావి, ఏడో రోజు కుక్కది.

"పాపం, వారమంతా నాలుగ్గోడల మధ్య పడుంటుందండీ. దానికీ మనసుంటుంది."

"నేనూ వారమంతా ఇరిగేషన్ ఆఫీసులో నాలుగ్గోడల మధ్యే పడుంటున్నాను. నాకూ మనసుంది."

"మీకు ఫ్యానుందిగా."

అలా షికార్లు మొదలయ్యాయి. బ్యారేజి మీద సాయంత్రాలు మిరపకాయ బజ్జీలు తినేవాళ్ళందరి కాళ్ళ మధ్యా దూరి, ఒక్కొక్కరి దగ్గరా ఒక్కో ముక్క వసూలు చేసి, తిరిగొచ్చేటప్పుడు నా స్కూటరు ముందు నిలబడి అవన్నీ నా బూట్ల మీద తిరిగి అప్పజెప్పేది. భవానీ ద్వీపానికి వెళ్ళే పడవలో గుంటూరు నుంచి వచ్చిన ఒక కుటుంబం టిఫిన్ క్యారేజీ విప్పింది. ఆవలి ఒడ్డు చేరేసరికి మన కుక్క వాళ్ళ పులిహోర గిన్నెలో నాలుగు కాళ్ళతో నిలబడి ఉంది. సెకండ్‌హ్యాండ్ మారుతి కారు కొన్నాక దాని రాజ్యం సముద్రం దాకా విస్తరించింది. మంగినపూడి బీచిలో ఇసుక మీద ఎండుచేపలు పరిచి ఉన్నాయి. అది చూసింది, పరిగెత్తింది, వెల్లకిలా పడి పొర్లింది. చేపల్ని తినలేదు. ఒంటికి రాసుకుంది, పెళ్ళికూతురు పసుపు రాసుకున్నట్టు.

చేపలు ఆరబెట్టుకుంటున్న ఆవిడ చేటతో సహా లేచింది. "ఏవమ్మా! నీ కుక్క పొర్లటానికి నా సరుకే దొరికిందా? ఎత్తెత్తు! ఏందయ్యా నువ్వు, ఆడ నిలబడి సినిమా చూత్తన్నావా?"

మా ఆవిడ ఎత్తింది. నేను చూస్తూ నిలబడ్డాను. బెజవాడ దాకా ముక్కుకి కర్చీఫ్ కట్టుకుని కారు నడిపాను. దారిలో ఒక కానిస్టేబులు నన్ను దొంగనుకుని ఆపి, కిటికీ దించగానే వాసనకి రెండడుగులు వెనక్కేసి, వెళ్ళమని చెయ్యి ఊపాడు.

ఇక అసలు సంగతికొస్తాను.

మా మామగారిది బందరు దగ్గర ఒక చేనేత ఊరు. నలభై ఏళ్ళుగా ఆయన కూలికి నేశారు. నూలు షావుకారుది, చీర షావుకారుది, చేతులు మటుకు మామగారివి. ఆ చలికాలం మొట్టమొదటిసారి సొంతానికి నూలు తెచ్చుకుని ఎనిమిది చీరలకు పడుగు వేసుకున్నారు. వన్ టౌన్లో ఒక హోల్‌సేల్ దుకాణదారు ఆయన చేతి నేత ఎక్కడో చూశాడట. "ఎనిమిది చీరలు నేసి తీసుకురండి. బాగుంటే ఇక మీదట మీ మగ్గం మీద ఏది నేసినా నాకే ఇవ్వండి, మధ్యలో ఎవరూ వద్దు. బాగోకపోతే ఇద్దరం మర్చిపోదాం" అన్నాడట. ఆ మాట పట్టుకుని మామగారు షావుకారుకి దండం పెట్టి బయటికొచ్చేశారు. అరవైకి దగ్గర పడిన మనిషి. ఈ ఒక్క పడుగు దెబ్బతింటే మళ్ళీ ఆ షావుకారు అరుగు కింద చేతులు కట్టుకుని నిలబడాలి.

"ఆదివారం నాన్న పడుగుకి గంజి పెడుతున్నారట. వెళ్దామండీ" అంది మా ఆవిడ.

"వెళ్దాం. కుక్కని పక్కింట్లో..."

"దానికి గాలి మార్పు."

గాలి మార్పు ఉయ్యూరు దగ్గర జరిగింది. శనివారం సాయంత్రం చెరకు లారీల వెనకాల నత్తలా పోతున్నాం. వెనక సీట్లో ఉన్న కుక్క నా భుజం మీదుగా తల పెట్టి, రోడ్డు చూస్తున్నట్టే చూసి, మధ్యాహ్నం తిన్న పెరుగన్నం యావత్తూ నా చొక్కా జేబులోకి దింపింది. గింజ కింద పడలేదు. గురి అంటే అదీ. పామర్రు దాటాక ఒక కాలవ దగ్గర చొక్కా ఉతుక్కుని, తడి చొక్కాతోనే అత్తారింట్లో దిగాను.

కృష్ణా జిల్లాలో అల్లుడు అత్తారింటికి వెళితే ఏమవుతుందో తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. అల్లుడు మనిషి కాడు, ఊరేగింపు విగ్రహం. అతను మంచినీళ్ళు ముంచుకోకూడదు, చెప్పులు తనే జరుపుకోకూడదు, ఫ్యాను స్విచ్చి కోసం లేవకూడదు. ఏం చేసినా అతన్ని ఎవరూ ఏమీ అనకూడదు. పెళ్ళైన పన్నెండేళ్ళలో ఆ ఇంట్లో నేను లేచిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఇంత గొప్ప మర్యాదని మా మామగారి ఇల్లు ఆ రాత్రి యథాతథంగా కుక్కకి కూడా ఇచ్చింది. అల్లుడుగారి కుక్క కదా!

దానికి కొత్త చాప వేశారు. అత్తగారు కోడిగుడ్డు ఉడకబెట్టి, పెంకు వలిచి, పచ్చసొన వేరు చేసి పెట్టారు. అది నెయ్యి డబ్బా మూత నాకితే "తిననివ్వండి, చిన్నప్రాణం" అన్నారు. మామగారి పడక్కుర్చీ ఎక్కి కూర్చుంటే ఆయన గోడకి ఆనుకుని నేల మీద కూర్చున్నారు. మరమరాల లడ్డు పెట్టారు, మీగడ పెట్టారు. అది తిన్నదంతా తిని నడవాలో తన పని తాను చేసుకుంటే, మామగారు దాని మీద ఇసుక చల్లుతూ "ప్రయాణం బడలికండీ, పాపం" అన్నారు. నాకు రోతేసింది. కుక్కని చూసి కొంత, మా అందర్నీ చూసి కొంత.

తెల్లారకముందే వీధి మేలుకుంది. పడుగంటే చీరకి నిలువు పోగులు. మగ్గం ఎక్కించే ముందు వాటికి బలం రావాలి కాబట్టి గంజి పట్టిస్తారు. ఇంట్లో అంత చోటుండదు, అందుకని వీధినే ఇల్లు చేసుకుంటారు. వెదురు కర్రల్ని కత్తెరల్లా కట్టి వీధి పొడుగునా నిలబెట్టి, వాటి మీద వేల పోగులు పక్కపక్కన పరిచారు. పాల బూత్ దగ్గర మొదలై మంచినీళ్ళ కుళాయి దాకా, నడుమెత్తున, మంచు తెరలాగా వేలాడుతోంది మామగారి భవిష్యత్తు. రాత్రే కాచి ఉంచిన బియ్యపు గంజి పులిసి గుప్పుమంటోంది. పడుగుకి అటొకరూ ఇటొకరూ నిలబడి, బారెడు పొడుగున్న కుంచె పట్టుకుని గంజి పూస్తూ, దువ్వుతూ నడుస్తున్నారు. ఇరుగుపొరుగు నేతగాళ్ళందరూ వచ్చారు. ఇవాళ నీ పడుగుకి నేను, రేపు నా పడుగుకి నువ్వు.

"గంజి ఆరేదాకా కుంచె ఆగకూడదండీ" అని మామగారు నాకు వివరించారు. "ఎండెక్కేలోపు అయిపోవాలి. మధ్యలో ఆగితే పోగూ పోగూ అతుక్కుపోతాయి. అతుక్కుంటే మగ్గం మీద నడవదు, పుటుక్కు పుటుక్కుమంటుంది."

నేను గంభీరంగా తలూపాను. నాకు వీధరుగు కింద ప్లాస్టిక్ కుర్చీ వేసి, స్టీలు గ్లాసులో కాఫీ ఇచ్చారు. మా ఆవిడ కుక్క గొలుసుని నా కుర్చీ కాలికి కట్టి, "నేను తలంటుకుని వస్తాను, కాస్త చూస్తుండండి" అని లోపలికి వెళ్ళింది. చూస్తున్నాను. చూడటం నాకు చేతనవును.

పడుగు సగం దాకా అయింది. అప్పుడు పక్కింటి పెద్దాయన, కుంచె పక్కవాడి చేతికిచ్చి, నన్ను పలకరించడానికని నాలుగడుగులు ఇటు వేశారు.

"ఏమండీ అల్లుడుగారూ, ఎప్పుడొచ్చారు? బెజవాడలో అంతా కులాసానా?"

పెద్దవాళ్ళు పలకరిస్తే కూర్చుని జవాబు చెప్పకూడదు. నేను లేచి రెండు చేతులూ జోడించాను.

నేను లేవడంతో కుర్చీ తేలికైపోయింది. ఆ సంగతి నాకంటే ముందు కుక్కకి తెలిసింది. వీధి నిండా అన్ని కాళ్ళు, అన్ని కొత్త మొహాలు, అంత పులిసిన గంజి! ఒక్క గెంతు గెంతింది. దాని వెనక గొలుసు, గొలుసు వెనక కుర్చీ. పడుగు కింద నుంచి కుక్క దూరింది, కుర్చీ దూరలేదు. ముందు ఒక వెదురు కత్తెర కూలింది, తర్వాత రెండోది, తర్వాత మూడోది. నడుమెత్తున వేలాడుతున్న మంచు తెర మధ్యలో నేలకి వాలింది. ఆ వాలిన పాన్పు మీదికి కుక్క ఎక్కి, ముందు రుచి చూసింది, తర్వాత నాకింది, ఆ తర్వాత వెల్లకిలా పడి పొర్లడం మొదలుపెట్టింది.

వీధి వీధంతా కుంచెలు గాల్లో పట్టుకుని ఆగిపోయింది.

ఇక్కడ నేను ఒట్టేసి చెబుతున్నాను, అక్కడ పదిహేనుమంది మగవాళ్ళున్నారు. అందులో ఎవడైనా ఒకడు వంగి దాన్ని మెడ పట్టుకుని అవతల పారేస్తే అర నిమిషంలో అయిపోయేది. ఒక్కరూ కదల్లేదు. ఒకతను చెయ్యి ఎత్తబోతే పక్కవాడు పట్టుకుని ఆపాడు.

"ఒరేయ్, కొట్టమాకు. అల్లుడిగారి కుక్క."

"అవున్రోయ్. ఆయనే పిలుత్తారులే, ఆగు."

అందరూ నా వైపు తిరిగారు. నేను పడుగు పక్కన నిలబడి "ఛ ఛ, దా, ఇలా దా" అంటున్నాను. వంగితే అందేంత దూరంలోనే ఉంది. వంగలేదు. ఎందుకంటే అది అప్పటికే కుక్కలా లేదు. గంజిలో నానిన బొచ్చుకి దుమ్మంటుకుని, దుమ్ములో ఏదో పేడలాంటిదంటుకుని, మూతి నుంచి గంజీ చొంగా కలిసి తీగలు తీగలుగా సాగుతూ, ఎవరో పెళ్ళిభోజనాల ఎంగిలాకులన్నీ ముద్ద చేసి దానికి ప్రాణం పోసినట్టుంది. దాన్ని నా చేతుల్తోనా? లోపల నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది. మా ఆవిడ వచ్చేస్తుంది కదా అనుకున్నాను. ఎండ ఎదురింటి డాబా దాటి పడుగు మీదికి దిగుతోంది. గంజి ఆరుతోంది. ఆ సంగతి నాకు తెలుసు, ఇప్పుడే వివరంగా చెప్పించుకున్నాను. అయినా నిలబడ్డాను.

మామగారు రెండు చేతులూ నలుపుకుంటూ కుక్క దగ్గరికి వచ్చి వంగారు. వంగి ఆయన అన్న మాట నా చెవుల్తో నేను విన్నాను.

"అయ్యో, లేవండి. కాస్త పక్కకి లేవండి."

కుక్క లేవలేదు. ఆయన మొహం నాకి మళ్ళీ పొర్లింది.

అరుగు మీద కూర్చుని నూలు కండెలు చుడుతున్న మామ్మ అప్పుడు నోరు తెరిచింది. మామ్మంటే మామగారి తల్లి. ఎనభై దాటిన మనిషి. చెవులు సగం, కళ్ళు పావు, నోరు మటుకు పూర్తిగా పనిచేసేవి.

"ఏవయ్యా! కుక్క నీదా, మాదా?"

"నాదే మామ్మగారూ. అంటే, మీ మనవరాలిది."

"అది తలంటుకుంటంది. నువ్వు ఖాళీయేగా? ఎత్తు."

"దానికి గంజంతా..."

"గంజేగా, పెంట కాదుగా! మావాడి బతుకంతా ఆ కర్రల మీద ఉంటే, నువ్వేందయ్యా రోత పడతా నిలబడ్డావు? మొగుడూ పెళ్ళాం కార్లో కూకోబెట్టి తిప్పుతారంట, మీదేసుకుని ఎత్తలేవా?"

మామగారు అదిరిపోయారు. "అమ్మా! అల్లుడుగారిని అంతేసి మాటలు..."

"నోర్ముయ్. కుక్కని అండీ అంటన్నావు, నీదీ ఓ బతుకే! ఎత్తవయ్యా బాబూ, ఎండొచ్చేసింది!"

పన్నెండేళ్ళలో ఆ ఇంట్లో నన్ను ఎవరైనా ఒక మాట అనడం అదే మొదటిసారి. చెంప మీద కొట్టినట్టయింది. కాళ్ళు కదిలాయి. కళ్ళు మూసుకుని వంగి, దాన్ని రెండు చేతుల్తో ఎత్తాను. వెచ్చగా, జిగటగా, వేళ్ళ సందుల్లోంచి జారిపోతూ, అప్పుడే దింపిన మైదా జిగురులో ఎలక పడి కొట్టుకుంటున్నట్టుంది. నేనంతట నేనే దాన్ని ఎత్తుకున్నానన్న సంతోషానికి దానికి మతి పోయింది. నేను ఛీ అనడానికి నోరు తెరిచాను. తెరవకుండా ఉండాల్సింది. ఆ నాలుక నేరుగా లోపలికొచ్చి నా కొండనాలుకని పలకరించి వెళ్ళింది. పులిసిన గంజి, దుమ్ము, నెయ్యి, నిన్నటి కోడిగుడ్డు, అన్నీ విడివిడిగా తెలిశాయి. ఈ మాటలు రాస్తుంటే కూడా లేచి వెళ్ళి నోరు పుక్కిలించి వచ్చాను.

దాన్ని వంటచెరుకు గదిలో పడేసి గడియ పెట్టి వచ్చేసరికి మామ్మ హుకుం సిద్ధంగా ఉంది. "ఆ కర్ర పట్టుకో. పైకి లేపు. ఇంకా పైకి! అన్నం తినవా?"

ఇక వీధికి ప్రాణం వచ్చింది. కూలిన కర్రలు లేపారు. అతుక్కున్న మేర నీళ్ళు చిలకరించి మళ్ళీ కుంచె వేశారు. ఆడవాళ్ళు వరసగా కూర్చుని తెగిన పోగు కొసల్ని వెతికి, వేళ్ళ మధ్య నలిపి అతికారు. నేను కర్ర పట్టుకున్నాను, గంజి కుండ మోశాను, పోగుల్లో ఇరుక్కున్న బొచ్చు ఏరాను. ఒక వెంట్రుక ఏరితే పక్కనే నాలుగు కనిపించేవి. తెల్ల నూలులో తెల్ల బొచ్చు, అదేం కర్మో! మధ్యలో మా ఆవిడ తలకి తువ్వాలు చుట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"అయ్యో, ఏమైందండీ? అదేదీ?"

"నీ బంగారం గదిలో ఉందిలే" అంది మామ్మ. "నువ్వూ వచ్చి ఏరు."

మిట్టమధ్యాహ్నానికి పడుగు చుట్టి లోపల పెట్టారు. అన్నాల దగ్గర మామగారు మామూలుగానే గారెలు వడ్డించమన్నారు. నా పక్క కూర్చుని, మంచి మొహంతో, "ఏం పర్లేదండీ, ఇట్టాంటివి జరుగుతుంటాయి" అన్నారు. ఆయన చూపుడువేలు ఒరుసుకుపోయి రక్తం ఊరుతోంది. కుక్క మీద రోత రెండేళ్ళుగా అలవాటైనదే. ఈ రోత వేరు. వంగితే అందేది, వంగలేదు.

తర్వాత నెలా నెలన్నర మామగారు ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేస్తే నేను అడిగేవాణ్ణి. "ఎలా నడుస్తోంది మామగారూ?"

"బ్రహ్మాండంగా ఉందండీ. వెన్నలా పోతోంది."

అత్తగారు మా ఆవిడకి చెప్పింది వేరు. మొదటి మూడు చీరలూ బాగానే వచ్చాయట. ఆ తర్వాత జానెడు నేస్తే రెండు పోగులు తెగుతున్నాయట. తెగినప్పుడల్లా ఆయన లేచి, అతికి, మళ్ళీ కూర్చుని నేస్తున్నారట.

చీరల మూటతో ఆయన వన్ టౌన్ వచ్చిన రోజు నేను ఆఫీసుకి సెలవు పెట్టి వెంట వెళ్ళాను. తోపుడుబళ్ళ మధ్య నుంచి, లారీల్లోంచి దించుతున్న బేళ్ళ మధ్య నుంచి వెళ్ళి ఆ దుకాణం మెట్లెక్కాం. దుకాణదారు తెల్ల పరుపు మీద కూర్చుని ఉన్నాడు. చీరలు ఒక్కొక్కటే మడత విప్పి, వెలుతురుకి పట్టి, అంచు మీద బొటనవేలు నడిపి చూస్తున్నాడు. ఒకటి పక్కన పెట్టాడు. రెండు. మూడు. నాలుగోది విప్పి ఆగాడు. రెండు వేళ్ళతో నేతలోంచి ఏదో పట్టుకుని లాగాడు. అది వస్తూనే ఉంది. తెల్లగా, వంకీ తిరిగి, మెరుస్తూ.

"ఏంటండీ ఇది? పట్టా?"

మామగారు నా వైపు చూడను కూడా చూడలేదు. "నూలులోనే వచ్చిందేమోనండీ" అన్నారు నెమ్మదిగా. "నేనే చూసుకోలేదు."

నూలు బాగోలేదంటే, చూసుకోలేదంటే, ఆయన పని అయిపోయినట్టే. ఆ సంగతి ఆయనకి తెలుసు. తెలిసీ అన్నారు, నా మర్యాద కోసం. అంత మర్యాద చూస్తే నాకు మళ్ళీ ఆ గంజి రుచి నోట్లోకి వచ్చింది.

"నూలు కాదండీ" అన్నాను. "కుక్క బొచ్చు. మా కుక్కది. గంజి పెడుతుంటే పడుగు మీద పడి పొర్లింది. ఆయన తప్పేం లేదు. నేను పక్కనే ఉండి ఎత్తలేదు."

దుకాణదారు ఆ వెంట్రుకని చటుక్కున వదిలేసి వేళ్ళు పరుపుకి రుద్దుకున్నాడు. "ఎత్తలేదా? ఎందుకండీ?"

"రోతేసిందండీ."

అతను నన్ను కాసేపు చూశాడు. నన్ను అలా చూసినవాళ్ళు అంతకుముందు లేరు, ఆ తర్వాతా లేరు. అప్పుడు మిగిలిన చీరలు విప్పాడు. ఒక్కోటీ గింజ గింజా ఏరినట్టు చూశాడు. ఏడోదీ ఎనిమిదోదీ శుభ్రంగా ఉన్నాయి. మొత్తం అయిదు తన వైపు జరుపుకున్నాడు, మూడు మా వైపు తోశాడు.

"ఈ మూడూ నేను అమ్మలేను మాష్టారూ. మీ ఇంట్లో ఆడవాళ్ళకి కట్టబెట్టండి." అంటూనే ఆ మూడింట్లో ఒకదాని అంచు మళ్ళీ తడిమాడు. "ఇన్ని తెగిన పోగుల్లో అంచు ఇంత తిన్నగా ఎలా పట్టారో మీకే తెలియాలి. చెయ్యి మీది బాగుంది. మళ్ళీ పడుగు ఎప్పుడు?"

మామగారు పై కండువాతో మొహం తుడుచుకున్నారు, రెండుసార్లు తుడుచుకున్నారు. తర్వాత మొదటిసారి నా వైపు తిరిగారు. అడగాలి, అడగలేరు. ఆ కళ్ళలో ఒకటే ప్రశ్న ఉంది, దానికి నాలుగు కాళ్ళూ ఒక తోకా ఉన్నాయి.

"ఆదివారం మటుకు పెట్టుకోకండి మామగారూ" అన్నాను. "మాకు సెలవుంటుంది. మీరు వద్దన్నా వచ్చేస్తాం."

"అయ్యయ్యో, అదేం మాటండీ!" ఆయన నొచ్చుకుంటూ నా చేయి పట్టుకున్నారు. "మీరు లేకుండా మా ఇంట్లో పడుగేంటండీ అల్లుడుగారూ? మీరు రావాలి, అమ్మాయి రావాలి, అది కూడా రావాలి."

ఆ చేయి అలా పట్టుకునే దుకాణదారు వైపు తిరిగి, ఆయన అన్నారు: "బుధవారం పెట్టేస్తానండీ."